ఏకాదశి నాడు కూడా వేసుకున్న మాత్ర

మా వీధి చివరి ఇంట్లో ఉండే అమ్మాయికి ఇప్పుడు నాలుగో నెల. రక్తం పరీక్ష చేసి, థైరాయిడ్ తక్కువగా ఉందని, రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలని డాక్టరు రాశారట. ఆ చీటీ పట్టుకొని నా దగ్గరికి వచ్చి, "బిడ్డకు ఏమన్న అయితదా పెద్దమ్మా" అని అడిగింది. ఏమీ కాదు, తప్పకుండా వేసుకో అని చెప్పి పంపించాను. ఆమె వెళ్లాక, అంత తేలికగా చెప్పిన ఆ మాట ఒకప్పుడు నాకు ఎంత బరువుగా ఉండేదో గుర్తొచ్చింది. రాసి పెడితే ఆమెకో, ఆమెలాంటి మరొకరికో పనికి రావచ్చు. నాకూ ఒకసారి రాసుకోవాలని ఉంది.

బడిలో పంతులమ్మగా పని చేసి రిటైరైన దాన్ని. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు ఉంది, కాబట్టి కాలాల విషయంలో పొరపాటు పడను. మందుల మోతాదులు మాత్రం ఇక్కడ రాయడం లేదు. అవి అప్పటివి, ఇప్పటివాళ్లకు పనికిరావు.

1937 నుంచి 1940 దాకా

పెళ్లయి నాంపల్లికి కాపురానికి వచ్చేనాటికి ఇంట్లో మా ఆయన, అత్తమ్మ ఇద్దరే. ఆయన ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. అత్తమ్మ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకొని కొడుకును ఒంటిచేత్తో పెంచింది. స్టేషను వెనక గల్లీలో కిరాయి ఇల్లు. గల్లీ వైపు ఒక గది, దాని వెనక ఇంకో గది, ఆ వెనక వంటిల్లు. దేవుడి గూడు వంటింట్లోనే ఉండేది. మడి గట్టిగా పాటించేవాళ్లం. స్నానం చేసి, ఎవరూ తాకకుండా ఆరేసిన బట్ట కట్టుకున్నవాళ్లే పొయ్యి ముట్టాలి. ఉల్లిగడ్డ కూడా గడప దాటి వచ్చేది కాదు. మా పుట్టింట్లోనూ అంతే కాబట్టి నాకేమీ కష్టం అనిపించలేదు.

రెండుసార్లు కడుపు పోయింది. మొదటిసారి తొలి నెలల్లోనే. రెండోసారి బిడ్డ కదలడం తెలిశాక.

ఆ తరవాత నా ఒంట్లో ఏదో మారుతూ వచ్చింది. అది రోగమని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఎండాకాలంలో అందరూ ఆరుబయట పడుకుంటే నేను కంబళి కప్పుకొని లోపల పడుకునేదాన్ని. దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చేవి. పొద్దున అద్దంలో ఉబ్బిన మొహం కనిపించేది. చేతులు చెట్టు బెరడులా గరుకుగా అయ్యాయి. అన్నిటికన్నా బాధ పెట్టింది నిద్ర. బియ్యం ఏరుతూ చేట మీదికి ఒరిగిపోయేదాన్ని. ఆ కాలం డైరీల్లో ఏ రోజు చూసినా ఒక వాక్యమే ఉంటుంది, అదీ కొన్నిచోట్ల సగంలో ఆగిపోయింది.

"ఏందే రుక్మిణీ, పప్పు మాడుతుంటే నీకు వాసన రాదా?" అనేది అత్తమ్మ. "పడుచుపిల్లవు, నాకన్న ముసల్దానివి అయితివి గదనే."

కోపంతో కాదు, నవ్వుతూనే అనేది. పక్కింటివాళ్లు కూడా నవ్వేవారు. జ్వరం వస్తే ఎవరైనా వచ్చి నుదుటి మీద చెయ్యి వేస్తారు. బద్ధకం వచ్చిందంటే ఎవరూ దగ్గరికి రారు. ముగ్గురం ఉన్న ఇంట్లో నేను ఒక్కదాన్నే ఎక్కడో లోతైన నీళ్ల కింద ఉన్నట్టుండేది. పైన వాళ్ల మాటలు వినిపించేవి. జవాబు చెప్పేసరికి వాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోయేవారు.

1940 చలికాలం

ఒకరోజు పాలవాడు తలుపు కొట్టాడు. నేను తలుపు వెనక నుంచే "ఇవ్వాళ పాలొద్దు" అన్నాను. "సరే అయ్యా" అని వెళ్లిపోయాడు. నా గొంతు అంత బొంగురుపోయింది. మా ఆయన ముందు నవ్వారు. తరవాత నవ్వు ఆపి నా మొహం వైపు చాలాసేపు చూశారు. ఆ వారమే నన్ను దగ్గర్లోని ఆడవాళ్ల దవాఖానకు తీసుకెళ్లారు.

లోపలికి మగవాళ్లను రానివ్వరు. ఆయన గేటు బయట చెట్టు కింద నిలబడ్డారు. లోపల పొడుగాటి వసారా, చెక్క బల్లలు, మధ్యలో ఒక పరదా. పిలుపులన్నీ ఉర్దూలోనే. నా పేరు పిలిస్తే అర్థమవుతుందో లేదో అని భయపడుతూ కూర్చున్నాను. తీరా చూస్తే డాక్టరమ్మ తెలుగు మనిషి, మెదక్ వైపు క్రైస్తవుల ఇంటిది. నా చేతులు తిప్పి చూసింది, గొంతు తడిమింది, మణికట్టు పట్టుకొని కదలకుండా కూర్చుంది. నేను ఏమీ చెప్పకముందే అడిగింది.

"అందరికన్నా మీకు చలి ఎక్కువా?"

నాకు ఏడుపు వచ్చింది. ఆ ప్రశ్న అంతవరకు నన్నెవరూ అడగలేదు. రెండుసార్లు కడుపు పోయిన సంగతి దాకా అంతా చెప్పాను.

"గొంతు ముందర చిన్న గ్రంథి ఒకటి ఉంటుందమ్మా" అంది. "అది రక్తంలోకి ఒక రసం వదులుతుంది. ఒళ్లు వెచ్చగా ఉండాలన్నా, మనిషి చురుగ్గా ఉండాలన్నా ఆ రసం కావాలి. మీకది తక్కువైంది. ఇది బద్ధకం కాదు. కడుపు నిలవకపోవడానికీ ఇదే కారణం కావచ్చు. ఖాయంగా చెప్పలేను. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం ఇంకా ఎక్కువ కావాలి, ఇద్దరికి సరిపోవాలి కదా."

మాత్ర పేరు రాయబోతూ కలం ఆపింది.

"మీరు మాంసం తింటారా?"

"లేదు. మా ఇండ్లల్ల ముట్టరు."

"గొర్రె గొంతులో ఉండే ఇదే గ్రంథిని ఎండబెట్టి, పొడి చేసి ఈ మాత్ర చేస్తారు. చెప్పకుండా ఇవ్వవచ్చు. నాకది ఇష్టం లేదు. ఆలోచించుకొని చెప్పండి."

బయటికి వచ్చి మొజంజాహీ మార్కెట్ దాకా నడిచేలోగా ఆయనకు అంతా చెప్పాను. పండ్ల దుకాణాల ముందు ఆగి, తల దించుకొని, "మందు మందే" అన్నారు. కొంచెం దూరం పోయాక, "అమ్మకు చెప్పకు" అన్నారు. ఆబిడ్స్‌లో మందుల దుకాణంలోకి ఆయన వెళితే నేను బయట అద్దాల పక్కన నిలబడ్డాను.

మొదటి మాత్ర ముందరి గదిలో గోడకు తిరిగి వేసుకున్నాను. నోట్లో ఏ రుచీ తగల్లేదు. అందుకే ఇంకా భయం వేసింది.

మొదట్లో గుండె దడదడలాడింది, చేతులు వణికాయి. డాక్టరమ్మ మోతాదు తగ్గించింది. పొద్దున మంచం దిగకముందే నాడి ఎలా చూసుకోవాలో నేర్పింది. నాడి పరుగెడితే తగ్గించేది, మందగిస్తే పెంచేది. వంటలో ఉప్పు సరి చూసినట్టు నెలల తరబడి సరి చూసింది. ఉగాది నాటికి నాకు చెమట పట్టింది. చెమట పడితే సంతోషించడం అదే మొదలు.

1941 శ్రావణం

శ్రావణం వచ్చేసరికి మూడో నెల. అత్తమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. పాత చీరలు చించి పొత్తిళ్లు కూడా సిద్ధం చేసుకుంది. శుక్రవారం నైవేద్యం కడుపుతో ఉన్న కోడలి చేతి మీదుగా జరగాలని ముచ్చటపడింది. నేను పొయ్యి ముందు దాకా వెళ్లి ఆగిపోయాను.

"అత్తమ్మా, ఈ నైవేద్యం నేను చెయ్య."

"ఎందుకే, కడుపుల తిప్పుతున్నదా?"

"కాదు. నేను వేసుకునే మాత్ర గొర్రెది."

"గొర్రెదంటే?"

"గొర్రె గొంతుల గ్రంథి. దాన్ని ఎండబెట్టి చేస్తరట."

ఆమె చేతిలో గరిటె కింద పెట్టింది. "ఎప్పటి సంది?"

"పోయిన చలికాలం సంది."

"గప్పటి సంది గీ చేతులతోనే దేవునికి వండుతున్నవా?"

"ఔ."

"వానికి తెల్సా?"

"తెల్సు."

ఆమె అరవలేదు. వంటింట్లో గిన్నెలన్నీ పెరట్లోకి తెచ్చి చింతపండుతో తోమడం మొదలుపెట్టింది. సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పొద్దెక్కేదాకా తోమి, నడుం పట్టుకొని లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మానేస్తే ఏమైతది?"

"ఇది కూడ పోతదేమోనని డాక్టరమ్మ భయపడుతున్నది."

ఆ మనిషికి మనవడో మనవరాలో కావాలి. ఆ పొయ్యి కూడా కావాలి. భర్త పోయిన ఇంట్లో ఆమెకంటూ మిగిలింది ఆ పొయ్యే. చివరికి ఒక ఒప్పందం చెప్పింది.

"మంచి దినాలల్ల వద్దు. శుక్రవారం, ఏకాదశి, పున్నం, గా దినాలు వదిలెయ్యి. కడమ దినాలు ముందరి గదిల వేస్కొని, తానం చేసి లోపలికి రా."

సాయంత్రం సంగతి విని ఆయన, "అమ్మ గీ మాత్రం ఒప్పుకున్నదంటే గొప్ప" అన్నారు. ఆయన మొహం తేలిక పడింది. నాకూ అలాగే అనిపించింది. దవాఖానలో మాత్రం ఈ ఒప్పందం గురించి చెప్పలేదు.

ఆ రోజుల్లో దవాఖాన బల్ల మీద రబియాబీ పరిచయమైంది. నాకన్నా చాలా పెద్దది, ఆమెకూ ఇదే జబ్బు, ఇవే మాత్రలు. బురఖా మొహం మీది నుంచి ఎత్తి, నా చేతిలో సీసా చూసి నవ్వింది.

"బాపనోళ్ల కోడలివి, మా దుకాన్ మాల్ తింటున్నవా? మా ఇంటాయన కసాయి. గా గొంతుల గడ్డలు మేం కుక్కలకేస్తం. విలాయతోళ్లు సీసాల పోసి మనకే అమ్ముతున్నరు."

పరదా ఇవతల ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాత్ర గురించి నవ్వగలనని అంతవరకు తెలియదు. ఇంట్లో ఒప్పందం సంగతి ఆమెకు చెప్పాను. నవ్వు ఆపింది.

"మాకు రంజాన్ నెలంత రోజాలున్నయి, ఉపాసాలు. బీమారున్నోళ్లకు మాఫీ ఉంటది. మీకు మాఫీ లేదా బిడ్డా?"

"ఉంటది" అన్నాను. "ఎవరూ అడగలే."

1941 కార్తీకం

కార్తీకం వచ్చింది. అత్తమ్మ తెల్లవారకముందే లేచి చన్నీళ్లు పోసుకొని, పుట్టబోయే బిడ్డ పేరు మీద దీపం పెట్టడం మొదలుపెట్టింది. ఆ నెలలో ఏ రోజు చూసినా మంచి రోజే.

"నెలంత వదిలెయ్ రుక్మిణీ" అంది. "దాని కోసమే దీపం పెడుతున్న. ఇక్కడ నేను దీపం పెడుతుంటే అక్కడ నువ్వు గా మాత్ర మింగుతవా?"

ఆయన వైపు చూశాను. వంగి చెప్పు పట్టీ సరి చేసుకుంటున్నారు. నేను సరేనన్నాను.

మొదట్లో ఏమీ తెలియలేదు. బిడ్డ కదులుతోంది, ఆకలి వేస్తోంది. తరవాత చలి మొదలైంది. కార్తీకం చలి అనుకున్నాను. నిద్ర వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లకు నిద్ర వస్తుందని పక్కింటామె చెప్పింది. ప్రతిదానికీ ఒక మంచి కారణం దొరికింది. ఒకప్పుడు నన్ను ముంచిన నీళ్లే మళ్లీ మీదికి వస్తుంటే అడ్డం పెట్టాలని కూడా తోచలేదు. ఒక మధ్యాహ్నం మెలకువ వచ్చి, బిడ్డ కదిలి ఎంతసేపయిందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. పొద్దుననా, నిన్ననా తేలలేదు. కడుపు మీద చెయ్యి వేసుకొని పిలిచినట్టు నెమ్మదిగా తట్టాను. మళ్లీ నిద్రపోయాను.

దవాఖానకు వెళ్లే రోజు వచ్చింది. బల్ల మీద నా పక్కన కూర్చున్న రబియాబీ, నేను పలకరించగానే మొహం మీది ముసుగు ఎత్తింది. "నీ గొంతుకేమైంది?" అంది. లోపల డాక్టరమ్మ కూడా నా మొదటి మాటకే తల ఎత్తింది.

"మాత్రలు ఎప్పటి నుంచి మానేశారు?"

"కార్తీకం మొదలైనప్పటి నుంచి."

"కార్తీకానికీ దీనికీ ఏమిటమ్మా?"

చెప్పాను. శుక్రవారాల సంగతి, ఏకాదశుల సంగతి, అంతా చెప్పాను. ఆమె కసరలేదు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, చెక్క గొట్టం ఒక కొస కడుపు మీద ఆనించి, రెండో కొసకు చెవి పెట్టింది. స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించింది. అది ఆగేదాకా ఆమె చెవి తీయలేదు. గొట్టం పక్కకు జరిపి మళ్లీ విన్నది. ఇంకో చోట పెట్టింది. నేను పైకప్పు దూలాలు చూస్తున్నాను. ఆ దవాఖానలో అంతమందిమి ఉన్నా, ఏం వినిపిస్తుందో తెలిసే అవకాశం ఆమెకొక్కదానికే ఉంది. నా కడుపులో ఉన్నది నాకు తెలియదు. అంత ఒంటరిగా నేను మళ్లీ ఎన్నడూ లేను.

"ఉంది" అంది చివరికి. "నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఉంది."

లేచి కూర్చున్నాక చెప్పింది. "లోపలున్న బిడ్డకు కార్తీకమని తెలుసా రుక్మిణమ్మా? ఆపిన మందు ఒక్కసారిగా ఇచ్చినా మీ గుండె తట్టుకోదు. మళ్లీ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఈసారి ఒక్కరోజు తప్పినా నేను ఏమీ చేయలేను. ఏకాదశి నాడు కూడా వేసుకోవాలి."

ఇంటికి వచ్చి అత్తమ్మకు ఆమె చెప్పినట్టే చెప్పాను. ఆమె దీపానికి వత్తులు చేస్తోంది. చెయ్యి ఆగలేదు.

"రోజు వేస్కుంటవా?"

"రోజూ."

"సరే. వేస్కో. నువ్వు బతకాలె, నీ కడుపుల పిల్ల బతకాలె. కాని నేను ఉన్నన్ని దినాలు గీ పొయ్యి గిట్లనే ఉంటది. నువ్వు ఇంక లోపలికి రాకు."

మార్గశిరం నుంచి ఫాల్గుణం దాకా

నా మకాం ముందరి గదిలోకి మారింది. వేరే కంచం, వేరే చెంబు. పొద్దున అత్తమ్మ అన్నం తెచ్చి గడప దగ్గర పెట్టి, కొంచెం వెనక్కి జరిగి, నేను తినేదాకా నిలబడేది. చారులో నాకు ఇష్టమని మిరియాలు ఎక్కువ వేసేది. "ఇంకింత పెట్టనా?" అని అడిగేది. అంతకన్నా మాటలుండేవి కావు.

ఆయన లోపల సగం తిని, చెయ్యి కడుక్కొని, నా దగ్గరికి వచ్చి ఇంకో సగం తినేవారు. రెండు చోట్లా ఆకలి లేదనేవారు. ఒకరోజు, "మీరు అక్కడనన్న కడుపునిండ తినుండ్రి" అన్నాను. "ఎక్కడ తిన్నా ఒకళ్లు చూస్తనే ఉంటరు" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన దుకాణానికి వెళ్లాక పొద్దంతా నాది. గల్లీలో టాంగాలు, స్టేషను కూతలు, వంటింట్లో పోపు చప్పుడు. వాసన మాత్రం గడప దాటి నా దాకా వచ్చేది.

మందు మళ్లీ పట్టింది. మొదట చలి తగ్గింది, తరవాత గొంతు వచ్చింది. బిడ్డ కదలికలు గట్టిపడ్డాయి. దాంతోనే మాట్లాడుకునేదాన్ని.

ఏడో నెలలో గాజులు తొడిగి పేరంటం చేయాలి. దేవుడి ముందు నన్ను కూర్చోబెట్టడం అత్తమ్మకు కుదరదు. పిల్లకు ఒంట్లో బాగాలేదని ఇరుగుపొరుగుకు చెప్పి ఊరుకుంది. ఈ సంగతి రబియాబీ కొత్త గాజులు లేని నా ముంజేతులు చూసి తెలుసుకున్నట్టుంది. తరవాతి వారం కాగితంలో చుట్టిన పచ్చ గాజులు తెచ్చింది.

"ఇటియ్యి చెయ్యి. జర వదులుగ పెట్టు." వేళ్లు దగ్గరికి నొక్కి ఒక్కొక్కటే ఎక్కించింది. "చెయ్యి మెత్తగయింది బిడ్డా. మా గొర్రెలు మంచిగనే పని చేస్తున్నయి."

ఇంట్లో అన్నం పెడుతూ అత్తమ్మ గాజులు చూసింది. "ఎవరేసిన్రు?"

"దవాఖానల ఒకామె."

ఎవరని అడగలేదు. "మంచిగున్నయి" అని లోపలికి పోయింది.

1942, ఆ తరవాత

ఫాల్గుణంలో ఆడపిల్ల పుట్టింది. దవాఖాన మైల అని అత్తమ్మ లోపలికి రాలేదు. వసారా కిటికీ దగ్గర నిలబడితే డాక్టరమ్మే పిల్లను ఎత్తి చూపించింది. అత్తమ్మ కమ్మీలు ముట్టుకోకుండా మెడ చాచి చూసి, "జుట్టు మస్తుగున్నది" అంది.

పురుడు తీరి స్నానాలయ్యాక నన్ను అడిగింది. "ఇంక ఆ మందుతోని పని లేదు గద?"

ఆమె మొహంలో ఆశ కనిపించింది. నేను వంటింట్లోకి తిరిగి రావాలని నాకన్నా ఆమెకే ఎక్కువ ఉందని అప్పుడు తెలిసింది.

"బతికినంత కాలం వేసుకోవాలన్నది అత్తమ్మా."

"గట్లనా" అంది. తల ఊపి వెళ్లిపోయింది.

ఆమె ఉన్నన్ని సంవత్సరాలు నేను ఆ వంటిల్లు తొక్కలేదు. ముందరి గదిలో కూర్చునే చదువుకున్నాను, పరీక్షలు రాశాను, పంతులమ్మనయ్యాను. ఆ గది నాకు ఏం ఇచ్చిందో, ఏం తీసుకుందో ఇప్పటికీ తూకం వేయలేను. మా వీధి అమ్మాయికి చెప్పదలచింది ఇంతే. మందు ఎక్కువా తక్కువా డాక్టరు చూసుకుంటారు. తప్పకుండా వేసుకోవడం ఒక్కటే నీ పని. దాని గురించి ఇంట్లో ఏ ఒప్పందం చేసుకున్నా, అది డాక్టరుకు కూడా చెప్పు.

ఆ ఏడాది చివర్లో పాప పాకడం నేర్చింది. నా ఒళ్లోంచి దిగి నేరుగా వంటింటి గడప దగ్గరికి పోయేది. అక్కడ అత్తమ్మ కూర్చొని, ముందు దాని గౌను విప్పి నా వైపు వేసేది. "బట్టకే మైల, పసిదానికి లేదు" అని, దిసమొలతో ఎత్తుకొని లోపలికి తీసుకుపోయేది. లోపల ఇద్దరూ నవ్వుకునే చప్పుడు వినిపించేది. నేను వెచ్చగా ఉన్న ఆ గౌను ఒళ్లో పెట్టుకొని, మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చునేదాన్ని.

పుష్యంలో ఒక పొద్దున చలి బాగా పడింది. పాప ఎప్పటిలా గడప దగ్గరికి పోయింది. అత్తమ్మ గౌను గుండీ మీద చెయ్యి వేసి ఆగింది. పాప రెండు చేతులూ తన అరచేతుల మధ్య పెట్టుకొని కాసేపు రుద్దింది.

"చలి పెడుతున్నది దీనికి" అంది. నాతో అన్నట్టు లేదు.

గుండీ విప్పలేదు. గౌనుతోనే ఎత్తుకొని లోపలికి పోయింది. పొయ్యి దగ్గరికి పీట జరిపిన చప్పుడు వినిపించింది. నేను గడప ఇవతలే కూర్చున్నాను. ఒళ్లో గౌను లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.